నల్లంచు చాప

షిఫ్టు దిగి నాన్న పెరటి గుమ్మంలోకి వచ్చేసరికి విన్నీ చేతిలో ఫోర్కు సిద్ధంగా ఉండాలి. అది తిండికోసం కాదు, నాన్న బూట్ల ముడులు ఊడదియ్యడానికి. నాన్న విల్ఫ్ ఒక్కో బూటుకి రెండేసి ముళ్ళు వేసుకునేవాడు. గనిలో నీళ్ళకి నాని, బొగ్గుపొడి పట్టి, ఇంటికొచ్చేసరికి అవి రాళ్ళలా బిగుసుకుపోయేవి. నిలబడే చోటు లేని సొరంగంలో పొద్దంతా వంగి బొగ్గు తవ్విన మనిషికి ఇంటికొచ్చాక ఇంకోసారి వంగడమంటే ప్రాణం మీదికొచ్చేది.

"విన్నీ, బూట్ల తాళ్ళు విప్పుతావా తల్లీ? నడుం వంగడం లేదు," అనేవాడు. రోజూ అదే మాట, అదే గొంతు.

"రెండు ముళ్ళెందుకు నాన్నా? ఒకటి చాలదా?"

"ఒకటే వేస్తే పని తొందరగా అయిపోతుంది. లేచి చక్కా పోతావు. నాతో కబుర్లు చెప్పేదెవరు?"

విన్నీకి తొమ్మిదేళ్ళు. గోళ్ళ కింద ఎప్పుడూ నల్లగానే ఉండేది. బళ్ళో టీచరమ్మ కసురుకున్నా ఆ నలుపు పోగొట్టుకోవాలని దానికి ఏనాడూ అనిపించలేదు.

బూట్లు ఊడాక నాన్న పొయ్యి ముందు రేకు తొట్టిలో కూర్చుంటే అమ్మ ఆగ్నెస్ వీపు రుద్దేది. తొట్టి కింద పీలికల చాప ఉండేది. డర్హమ్ బొగ్గుగనుల సీమలో, ముఖ్యంగా వాళ్ళ స్కార్‌బర్న్‌లో, పొయ్యి ముందు చాప లేని ఇల్లు లేదు. చలి మొదలవగానే అటక మీంచి చట్రం దించి, గోనెపట్ట బిగించి, ఆడవాళ్ళు చుట్టూ చేరి పాత బట్టల పీలికలు గుచ్చుతూ ఊళ్ళోవాళ్ళందరి గుట్టూ విప్పేవాళ్ళు. క్రిస్మస్‌కి కొత్త చాప పొయ్యి ముందు పడేది. పాతది వంటింట్లోకి పోయేది, అంతకంటే పాతది కుక్క కిందికి.

చనిపోయినవాళ్ళ బట్టలు దాచుకునేటంత చోటు ఆ ఇళ్ళల్లో ఎక్కడిది? అందుకని అవన్నీ చాపలోకే వెళ్ళేవి. ఎవరి పీలిక మీద వట్టికాళ్ళతో నిలబడితే వాళ్ళ మాట వినబడేది, అదీ నిలబడ్డవాళ్ళకి మాత్రమే. బతికున్నప్పుడు రోజూ ఏమనేవాళ్ళో అదే అనేవాళ్ళు. అడిగినదానికి జవాబు చెప్పేవాళ్ళు కాదు. నాయనమ్మ ఊదారంగు లంగా పీలిక మీద కాలేస్తే, "ఆ అలమర మీద దుమ్ము చూడు, దుమ్ము!" అనేది. తాత బూడిదరంగు లాగు ఎప్పుడో పందెంలో ఓడిపోయిన కుక్కని ఇంకా తిడుతూనే ఉండేది. నడుమ ఎర్రగా ఉన్నది లాటీ అత్త కోటు. విషజ్వరంలో పోయిన లాటీ అత్త ఏమీ అనేది కాదు, ఊరికే నవ్వేది. చలిగా ఉన్న పొద్దుల్లో విన్నీ బడికి వెళ్ళేముందు కాసేపు ఆ ఎరుపు మీద నిలబడి వెళ్ళేది. ఆగ్నెస్ మాత్రం ఇంట్లో జోళ్ళు విప్పేది కాదు. "మా అత్తగారు ఉన్నన్నాళ్ళూ అన్నది చాలు, పోయాక కూడా పడాలా?" అనేది.

చాప ఏదైనా అంచు మాత్రం నలుపే ఉండాలి, పొయ్యి మసి పడ్డా కనబడకుండా. ఆ ఏడు ఆగ్నెస్‌కి నల్లబట్ట చాల్లేదు. ఊళ్ళో ఉన్న నలుపంతా, పోయినవాళ్ళ సంతాపానికి, ఎవరో ఒకరి ఒంటి మీదే ఉంది. మంచి రోజులా అవి! చివరికి ఆవిడ విల్ఫ్ చర్చికి వేసుకెళ్ళే పాత నల్లకోటు తీసింది. మోచేతుల దగ్గర చిరిగిపోయి ఉంది. కత్తెర పెట్టేసింది.

పక్కింటి ప్రౌడ్‌లాక్ అవ్వ చట్రం దగ్గర్నుంచి చటుక్కున లేచి నిలబడింది. ఇద్దరు కొడుకుల్ని గనికి అప్పజెప్పిన మనిషి ఆవిడ.

"ఒసే ఆగ్నెస్, నీకు మతిగానీ పోయిందా? బతికున్నవాడి బట్ట చాపలో పెడతావా?"

"పెడితే ఏం? బతికున్నవాళ్ళది మాట్లాడదు కదా."

"మాట్లాడదు కాబట్టే వద్దంటున్నా. రోజూ అది మాట్లాడటం లేదని చూసుకుంటూ బతకాలి నువ్వు. గనివాడి పెళ్ళానికి ఆ పని కూడా పెట్టుకుంటావుటే?"

విల్ఫ్ తొట్టిలోంచి నవ్వాడు. "పోనీలే అవ్వా. ఈ ఇంట్లో నోరు మెదపనిది నా ఒక్కడి బట్టేగా. మీ ఆడవాళ్ళ మధ్య నా బతుకూ అంతేగా."

అందరూ నవ్వారు. నల్లంచు పూర్తయింది.

మార్చి నెలలో ఒక పొద్దున, మోగకూడని వేళ గని కూత మోగింది. బళ్ళో పిల్లలందరూ ఒక్కసారి పలకలు కింద పెట్టేశారు. ఎవరూ ఏడవలేదు. ఎవరింట్లోవాళ్ళు ఆ షిఫ్టులో ఉన్నారో వాళ్ళు లేచి వెళ్ళిపోయారు. టీచరమ్మ ఆపలేదు.

లోపల మంట అంటుకుని కప్పు కూలింది. అందరూ బయటపడ్డారు, విల్ఫ్ తప్ప. సొరంగం చివర పనిచేస్తున్నవాళ్ళని కేకేసి తెస్తానని వెనక్కి వెళ్ళాడట. వాళ్ళు అప్పటికే వేరే దారిన పైకి వచ్చేశారు. ఆ సంగతి విల్ఫ్‌కి తెలియదు.

మేనేజరు గ్రీన్‌వెల్ మంచివాడే. గని నోరు మూసెయ్యాలన్నాడు. "గాలి ఆపకపోతే మంట వెళ్ళి గ్యాసుని అందుకుంటుంది. దిగినవాళ్ళు దిగినట్టే పోతారు," అన్నాడు. ఆగ్నెస్ గేటు పట్టుకుని నిలబడింది.

"మా చాపలో ఆయన కోటుంది. అది మాట్లాడలేదు," అంది.

గ్రీన్‌వెల్ కూడా పొయ్యి ముందు చాప మీద పెరిగినవాడే. టోపీ తీసి చేత్తో నలుపుతూ అడిగాడు. "దాని మీద ఎవరు నిలబడ్డారు?"

"మా అమ్మాయి నిలబడుతుంది."

"అయితే అది మాట్లాడేదాకా మూయను," అన్నాడు.

ఆగ్నెస్ ఇంటికి పరిగెత్తుకొచ్చి విన్నీ భుజాలు పట్టుకుంది. "మేజోళ్ళు విప్పు. నాన్న అంచు మీద నిలబడు. పొయ్యి ఆరిపోయినా సరే, కదలకు. నేను గేటు వదిలితే మూసేస్తారు. వినబడిందా, పరిగెత్తుకురా."

"ఏం వినబడుతుందమ్మా?"

"ఏమీ వినబడదు. ఏమీ వినబడదు నా తల్లీ," అంటూ ఆగ్నెస్ వెళ్ళిపోయింది.

విన్నీ నిలబడింది. ఏమీ వినబడలేదు. పాదాల కింద అంచు ఉట్టి గుడ్డలా, మొద్దుగా ఉంది. అలా ఏమీ వినబడకపోవడం దానికి ఎంత బాగుందో! ఒక్కో నిశ్శబ్ద క్షణాన్నీ నాన్న ఇంటికేసి వేసే అడుగనుకుంది. కాళ్ళు తిమ్మిరెక్కితే ఒక కాలు ఎత్తి రెండోది ఆనించేది. ప్రౌడ్‌లాక్ అవ్వ వచ్చి రొట్టె, బఠాణీ ముద్ద నోట్లో పెట్టి వెళ్ళేది. రాత్రి అవ్వే కుర్చీ తెచ్చి అంచు పక్కన వేసింది, విన్నీ పాదాలు చాప మీదే ఆన్చుకుని కూర్చుని నిద్రపోయింది. రక్షక దళాలు ఒకటి తర్వాత ఒకటి దిగుతున్నాయట. పొగకి ఆగలేక, కనుబొమలు కాలి పైకి వస్తున్నాయట. మళ్ళీ దిగుతున్నాయట.

మర్నాడు షిఫ్టు దిగే వేళయింది.

"విన్నీ, బూట్ల తాళ్ళు విప్పుతావా తల్లీ? నడుం వంగడం లేదు."

విన్నీ ఎగిరి గంతేసింది. నాన్న వచ్చేశాడు! సొరుగు లాగి ఫోర్కు అందుకుని పెరటి తలుపు తీసింది. గుమ్మంలో ఎవరూ లేరు. సందులో ఎవరివో దుప్పట్లు తీగ మీద ఆరుతున్నాయి, తియ్యడం మర్చిపోయినట్టున్నారు. అటూ ఇటూ చూసింది. "నాన్నా!" అని పిలిచింది. బొగ్గుకొట్టు వెనక కూడా వెతికింది. అప్పుడు ఆ మాట తను ఎక్కడ నిలబడి విందో గుర్తొచ్చింది. మెల్లగా లోపలికి వచ్చి, ఒక్క బొటనవేలు మాత్రం నల్లంచుకి తగిలించింది.

"విన్నీ, బూట్ల తాళ్ళు..."

నిప్పు తొక్కినట్టు కాలు తీసేసింది. కాదు, నాన్న కాదు. చాప పొరబడింది. మళ్ళీ కాలు పెట్టింది. మళ్ళీ అదే మాట. మోకాళ్ళ మీద పడి నల్లపీలికలు పీకడం మొదలుపెట్టింది. ఊడి వచ్చేస్తే ఇది జరగనట్టే అనుకుంది. ఆగ్నెస్ చేతిపని గట్టిది, ఒక్కటీ ఊడలేదు, గోరు విరిగింది. లేచి నాయనమ్మ ఊదారంగు మీద నిలబడింది.

"నాయనమ్మా, నాన్న నీ దగ్గరికొచ్చాడా? చెప్పవా, ఈ ఒక్కసారికి చెప్పవా?"

"ఆ అలమర మీద దుమ్ము చూడు, దుమ్ము!"

లాటీ అత్త ఎరుపు మీదికి వెళ్ళింది. లాటీ అత్త నవ్వింది. ఆ నవ్వంటే విన్నీకి ప్రాణం. ఆ పూట మాత్రం, "నోర్మూయ్!" అని అరిచి, చెవులు మూసుకుని కూలబడింది. చెవులు మూసుకున్నా చాప మాట ఆగదు.

తలుపు చప్పుడైంది. విన్నీ గబుక్కున లేచి నల్లంచు మీద నిలబడింది. కాళ్ళ కింద నాన్న అడుగుతూనే ఉన్నాడు.

"ఏమీ లేదు కదుటే?" అంది ప్రౌడ్‌లాక్ అవ్వ గుమ్మంలోంచి.

"ఏమీ లేదు."

నోట్లోంచి ఆ మాట దానంతటదే వచ్చేసింది. ఉందంటే నాన్న మీద పలకలూ బంకమన్నూ వేసి మూసేస్తారు. నాన్న చీకట్లో ఒంటరిగా ఉండిపోతాడు, బూట్లయినా ఊడకుండా.

అవ్వ కుర్చీలో కూలబడి ముసలి మొహాన్ని ఏప్రానుతో తుడుచుకుంది. "దేవుడున్నాడు. ఇదిగో, ఇప్పుడు మీ రెగ్ మామయ్య దిగుతున్నాడు. పొగ రంగు మారింది, ఇంక వద్దని మేనేజరు మొత్తుకుంటున్నాడు. మీ మామయ్య వింటేనా! చాప మాట్లాడలేదుగా, మా బావ బతికే ఉన్నాడుగా అని ఆయన మీదికి వెళ్ళాడట. దిగడానికి బూట్లు బిగిస్తున్నాడు."

రెగ్ మామయ్య అమ్మకి ఒక్కడే తమ్ముడు. విన్నీకి ఈల వెయ్యడం నేర్పింది అతనే. చర్చిలో ఈల వేసి ఇద్దరూ కలిసి తిట్లు తిన్నారు. విన్నీ పొయ్యికేసి చూసింది, అవ్వకేసి చూసింది. అవ్వ ఇద్దరు కొడుకుల ఫొటోలు పక్కింట్లో గోడకి ఎప్పుడూ వేలాడుతూ ఉండేవి. పాదాల కింద నాన్న మాట ఆగడం లేదు.

విన్నీ వట్టికాళ్ళతోనే పరిగెత్తింది. వెనక అవ్వ, "ఏమయిందే? ఒసే, ఏమయిందే?" అని అరుస్తోంది.

గని దగ్గర ఊరంతా ఉంది. అంతమంది ఉన్నా దగ్గు తప్ప చప్పుడు లేదు. మనుషుల్ని కిందికి దింపే ఇనప గూడు ముందు రెగ్ నిలబడి ఉన్నాడు, ముసుగు మెడలో వేలాడుతోంది. ఆగ్నెస్ గేటు పట్టుకుని అతన్నే చూస్తోంది. విన్నీ జనం కాళ్ళ మధ్యనుంచి దూరి వెళ్ళింది. మామయ్యతో చెప్పాలని నోరు తెరిచింది. నాన్న పోయాడు అనే మాట దాని నోట్లో పుట్టలేదు. మోకాళ్ళ మీద కూర్చుని మామయ్య బూటు ముడి పట్టుకుంది.

"ఏయ్, విన్నీ! ఏం చేస్తున్నావు? టైము లేదమ్మా, వదులు."

అది వదల్లేదు. విరిగిన గోటితోనే లాగింది. ఒక ముడి ఊడింది. కింద ఇంకోటి ఉంది, అతనూ బావలాగే రెండు వేసుకున్నాడు. రెగ్ కాలు వెనక్కి లాక్కోబోయి, దాని వట్టి పాదాలు చూశాడు. బూడిదా బురదా పట్టి ఉన్నాయి. అతని కాలు కదలకుండా ఆగిపోయింది. విన్నీ రెండో ముడీ విప్పి బూటు లాగేసింది.

ఆగ్నెస్ గేటు వదిలేసి దగ్గరికొచ్చింది. "విన్నీ?"

"నాన్నకి నడుం వంగడం లేదంటమ్మా," అంది విన్నీ.

ఆగ్నెస్ ఏడవలేదు. నిలబడ్డ చోటే అటూ ఇటూ ఊగింది. ఎవరో పట్టుకోబోతే తోసేసి, గ్రీన్‌వెల్‌కేసి తిరిగింది.

"మూసెయ్యండి."

"అమ్మా..."

"వినబడలేదా? మూసెయ్యండి! అందర్నీ వెనక్కి రమ్మనండి!"

రెగ్ ఒంటి బూటుతో కుంటుకుంటూ అక్కనీ పిల్లనీ లాక్కుని గేటు దాటాడు. జనం వెనక్కి జరిగారు. గని నోటి మీదికి దూలాలు లాగుతుండగానే కాళ్ళ కింద నేల ఒక్కసారి పైకి లేచి దిగింది. ఇనప గూడు పైకెగిరి, గని పైనున్న పెద్ద చక్రానికి కొట్టుకుంది. వీధిలో కిటికీ అద్దాలన్నీ రాలాయి. రెగ్ నిలబడ్డ చోట ఇప్పుడు నల్లటి పొగ తప్ప ఏమీ లేదు. అతని రెండో బూటు ఆ పొగలోనే పోయింది.

ఊరు బతికిందనీ, రెగ్ బతికాడనీ ఆ పూట ఎవరికీ సంతోషం లేదు. గని పోయింది, పని పోయింది. పాతిపెట్టడానికి విల్ఫ్ శవమైనా లేదు.

ఆ సాయంత్రం ఇంట్లో ఆగ్నెస్ కుర్చీలో కూర్చుని జోళ్ళు విప్పింది. విన్నీ అమ్మ వట్టిపాదాలు ఆ చాప మీద చూడటం అదే మొదటిసారి. ఆవిడ లేచి నల్లంచు మీద నిలబడింది. కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నది.

"నన్ను పిలవడం లేదు. నిన్నే అడుగుతున్నాడు," అంది చివరికి. "వెళ్ళు. విప్పు."

విన్నీ సొరుగులోంచి ఫోర్కు తెచ్చుకుని, పాదాలు అంచుకి ఆనించి కూర్చుంది. ఎదురుగా బూట్లు లేవు. ఉన్నట్టే ఒక ముడి పట్టుకుని విప్పింది, దాని కింద ఇంకోటి పట్టుకుంది. తొందరపడలేదు.