పసుపు తాగిన అంబాసిడరు

మా ఆయన డేవిడ్‌రాజుకు నా మాట కన్నా మెకానిక్ మాల్యాద్రి మాట మీద గురి ఎక్కువ. "ఇంజను రాయి మాదిరి ఉండాది సార్, కళ్ళు మూసుకొని తీసుకోండి" అని అతనన్నాడు. ఈయన నిజంగానే కళ్ళు మూసుకొని కొన్నాడు. ఆత్మకూరులో ఒక కంట్రాక్టరు వాడి, వాడి, విసిగి అమ్మేసిన అంబాసిడరు అది. ఒకప్పుడు తెల్లగా ఉండేదట.

ఉదయగిరి బడిలో పంతులు ఉద్యోగానికి సైకిలు సరిపోతుంది. ఈయనకు కారు కావలసివచ్చింది ఒక్క జెస్సీ కోసం. జెస్సీ మా ఆడబిడ్డ. చిన్నపిల్లగా ఉన్నప్పుడే మా మామగారు పోయారు. పెళ్ళినాడు ఆ పిల్ల అత్తగారి ఊళ్ళో సొంత కారులోంచి దిగాలి, నాయన లేని పిల్ల అని ఎవరూ జాలిగా చూడకూడదు, అదీ ఈయన పంతం. పంతం మంచిదే. కారే మంచిది కాదు.

తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు. పెట్రోలు తాగేది, ఆయిలు తాగేది, ఎండాకాలం మాకన్నా ఎక్కువ నీళ్ళు తాగేది. కాళ్ళ కింద రేకు తుప్పు పట్టి రోడ్డు కనపడేది. గేరు ఇరుక్కుంటే ఈయన దిగి, బానెట్ ఎత్తి, లోపలి కడ్డీని చేత్తో లాగాలి. ఒక నెల బ్యాటరీ, ఒక నెల క్లచ్చి ప్లేటు, ఇంకో నెల ఏదీ లేకపోతే టైరు. ఇంజను బోరు చేయించిన ఏడాది నా గాజులు బ్యాంకుకు తాకట్టు పోయాయి. ఎవరైనా "మీకేం ఏంజెలినమ్మా, కారున్నోళ్ళు" అంటే నాకు ఒళ్ళు మండిపోయేది.

తొంభై ఆరు మే నెలలో జెస్సీకి ఆత్మకూరు సంబంధం కుదిరింది. పెళ్ళి పొద్దున పదింటికి, వాళ్ళ చర్చిలోనే. పెళ్ళికొడుకు మేనమామ తన కొత్త వ్యాను పంపుతానన్నాడు.

"ఎందుకండీ, మాకు కారుండాది గదా" అన్నాడు ఈయన. నేను పళ్ళు కొరుక్కున్నాను.

పెళ్ళినాడు పొద్దున్నే సెల్ఫ్ పనిచేయలేదు. అది మామూలే. మా వీధి వాలుగా ఉంటుంది కాబట్టి నలుగురు చెయ్యి వేస్తే కారు దొర్లుకుంటూ పోయి, కింద మెయిన్ రోడ్డు చేరేసరికి స్టార్టయింది. ఇక ఆపకూడదు. రోడ్డు చదును, ఆగితే మళ్ళీ అంత తేలికగా కదలదు. ఇంజను నడుస్తుండగానే జెస్సీ తెల్లచీర ఎత్తిపట్టుకొని వచ్చి వెనక సీట్లో కూర్చుంది.

మా వాళ్ళు ప్రార్థన లేకుండా నెల్లూరు బస్సు కూడా ఎక్కరు. పెళ్ళికూతురు బయల్దేరుతుంటే ఊరికే వదులుతారా? సంఘపెద్ద సైమన్ గారు ముందుకొచ్చి బానెట్ మీద చెయ్యి వేశారు. ఆయన ప్రార్థన సంగతి ఊరంతటికీ తెలుసు. ఏదెను తోటలో మొదలుపెట్టారు. మోషే ఎర్రసముద్రం దాటేసరికి ఇంజను గురగురమనసాగింది. నేను ఒక కన్ను తెరిచాను. ఈయనా ఒక కన్ను తెరిచి నన్నే చూస్తున్నాడు. ఆపితే కదలదు, ఆపకపోతే ఉడికిపోతుంది. ప్రార్థన మధ్యలో పెద్దాయన్ను ఆపే ధైర్యం మా ఇద్దరికీ లేదు.

సైమన్ గారు కాలిన చెయ్యి ఎత్తి ఊదుకున్నారే గాని ప్రార్థన వదల్లేదు. బైబిల్లోని కానా ఊరి పెళ్ళి దాకా వచ్చారు. అక్కడ నీళ్ళు ద్రాక్షారసం అయ్యేలోపే ఇక్కడ మా నీళ్ళు ఆవిరయ్యాయి. బుస్సుమని పొగ లేచింది. "ఆమెన్!" అని అందరూ తలోదిక్కుకు ఉరికారు.

పడీ పడీ నవ్వాం. సైమన్ గారు కూడా నవ్వారు. ఈయన మాత్రం నవ్వలేదు. ఇంజను ఆపి వంగి చూశాడు. రేడియేటరుకు చిల్లుపడి నీళ్ళు కారుతున్నాయి. చెల్లెలి వైపు చూడలేక రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ ముఖం చూశాక నాకు తిట్లు నోటిదాకా వచ్చి ఆగిపోయాయి.

"ఏందిరా అట్టా నిలబడినావు? పసుపు పొయ్యండి" అంది మా అత్త రెబెకమ్మ. "పోయినసారి మాల్యాద్రి పోసింది అదే గదా!"

ఇంట్లో ఉన్న పసుపు డబ్బా అంతా తెచ్చాం. ఇంజను చల్లారాక నీళ్ళలో కలిపి పోస్తే చిల్లు పూడింది. మా ఇళ్ళల్లో పెళ్ళికూతురికి పసుపు రాసే అలవాటు లేదు. ఆ భాగ్యం కారుకు దక్కింది.

తర్వాత పట్టుచీరలన్నీ నడుముకు దోపి, చర్చిలో పాడే కొయిరు వాళ్ళు పాట ఎత్తుకుంటే, ఊపిరి బిగబట్టి నెట్టాం. కారు దగ్గింది, తుమ్మింది, లేచింది. అత్తా నేనూ కూడా ఎక్కేశాం.

దారిలో బోరింగు కనపడిన ప్రతిచోటా నీళ్ళు పోశాం. అప్పటికే పది దాటింది. ఆత్మకూరు చేరాం, దూరంగా చర్చి శిలువ కూడా కనపడింది. సరిగ్గా అక్కడ ఆగిపోయింది. ఎండకు ఇంజనుకు పెట్రోలు అందించే పంపు వేడెక్కిందట. తడిగుడ్డ చుట్టినా లాభం లేకపోయింది.

అంతలో ఎదురుగా కొత్త వ్యాను వచ్చింది. పెళ్ళికొడుకు మేనమామ సూటుతో దిగాడు.

"ఏందండీ ఇది? పాస్టరుగారు అనంతసాగరంలో ఇంకో పెళ్ళికి పోవాల. పాపను దీంట్లో ఎక్కించండి."

ఈయన వాదించలేదు. వెనక తలుపు దగ్గరకు వచ్చి, "దిగమ్మా జెస్సీ. ఆ బండిలో పో" అన్నాడు. జెస్సీ దిగకుండా నా వైపు చూసింది.

ఆ కారును అమ్మెయ్యమని పోరినదాన్ని నేను. ఆ క్షణాన ఈయన మీద జాలేసింది, కోపమొచ్చింది, చెప్పలేనంత ప్రేమ కలిగింది.

"అది దిగదు అన్నయ్యా" అన్నాను మేనమామతో. "ఇన్నేళ్ళు మేం తిన్నా తినకపోయినా ఈ కారును మేపినాం, ఈ ఒక్క పూట కోసమే. మీరూ వచ్చి ఒక చెయ్యెయ్యండి."

కొంగు దోపి వెనక్కి పోయి నెట్టడం మొదలుపెట్టాను. ఆయన కాసేపు నన్ను, కాసేపు తన సూటును చూసుకున్నాడు. తర్వాత కోటు విప్పి వ్యానులో పడేసి వచ్చాడు. కారు కదిలింది. చర్చి ముందు నిలబడిన వాళ్ళు చూసి పరిగెత్తుకొచ్చారు. వాళ్ళ వెనక పెళ్ళికొడుకు సామ్యేలు, కోటుకు గులాబీతో.

"నువ్వు నెట్టకూడదయ్యా, పెళ్ళికొడుకువి" అని అరిచింది మా అత్త.

"ఇంక ఇది నాకూ బంధువే గదత్తా" అన్నాడు సామ్యేలు, భుజం ఆనించి.

లోపల జెస్సీ పగలబడి నవ్వుతోంది. ఈయన స్టీరింగు పట్టుకొని, సిగ్గు లేకుండా ఏడుస్తున్నాడు.

చర్చి మెట్ల ముందు కారాగింది. ఈయన దిగి తలుపు తెరిచాడు. జెస్సీ తన అన్న కారులోంచే దిగింది. ఆ పిల్లను జాలిగా చూసే తీరిక ఎవరికీ లేదు. అందరూ నడుం పట్టుకొని రొప్పుతున్నారు.

మా అత్త కొడుకు దగ్గరకు వచ్చి కొంగుతో వాడి కళ్ళు తుడిచింది.

"మీ నాయన ఉండుంటే మంచి ఎద్దులబండి కట్టుండేవాడురా" అంది. "దాన్ని నెట్టేదానికి ఇంతమంది వచ్చుంటారా?"

ఈయన మసి చేతులు తన తెల్ల చొక్కాకే తుడుచుకొని చెల్లెలికి చెయ్యి అందించాడు. ఇద్దరూ నవ్వుకుంటూ మెట్లెక్కారు.