రెండో ప్రశ్నకు టెన్నెసీ జవాబు

2014 జూలై 29, మంగళవారం ఉదయం పది గంటల అయిదు నిమిషాలకు, రోనోక్‌లోని పరీక్ష హాల్లో, వర్జీనియా బార్ పరీక్ష రెండో ప్రశ్నకు ట్విలా ముల్లిన్స్ టెన్నెసీ చట్టం ప్రకారం జవాబు రాసింది. రెండు పేరాలు పూర్తయ్యాయి. మూడోది మొదలుపెట్టింది.

ఆమెకు ముప్పై తొమ్మిదేళ్లు. లా కాలేజీ మెట్లెక్కలేదు. వర్జీనియాలో ఎక్కి తీరాలన్న నియమం లేదు. పదేళ్లు దాటి ప్రాక్టీసున్న లాయరు దగ్గర మూడేళ్లు కూర్చుని చదివితే, లాయరు కావడానికి రాయాల్సిన ఈ బార్ పరీక్ష రాయనిస్తారు. చదివించే లాయరు జీతం మాత్రం ఇవ్వకూడదు. అందుకని ట్విలా పొద్దున పూట పళ్ల డాక్టరు దగ్గర ఫోన్లు ఎత్తేది. మధ్యాహ్నం నుంచి బ్రిస్టల్‌లో ఆర్లిస్ జెంట్రీ ఆఫీసులో చదివేది. జెంట్రీకి డెబ్భై ఎనిమిది.

ఫిబ్రవరిలో మొదటిసారి రాసి తప్పింది. ఆ ఫలితాలు వచ్చిన మర్నాడు జెంట్రీ ఆమెను కూర్చోబెట్టారు.

"చూడమ్మా, నా మోకాళ్లు కోర్టు మెట్లకి రాజీనామా ఇచ్చేశాయి. జూలైలో నువ్వు గట్టెక్కితే ఈ ఆఫీసు నీది. లేదంటే డిసెంబరు ఆఖరుకి మూసేస్తా. ఇంకో ఏడాది లాగడం నావల్ల కాదు."

"మరి మీ క్లయింట్ల సంగతేంటి, సార్?"

"వాళ్లదీ నా ఈడే. సగం మంది నాకంటే ముందే దుకాణం కట్టేసేలా ఉన్నారు."

బ్రిస్టల్‌లో స్టేట్ స్ట్రీట్ నడిమి గీతకి ఉత్తరం వర్జీనియా, దక్షిణం టెన్నెసీ. ట్విలా కాపురం ఉత్తరాన. ఆమె తమ్ముడు కోల్బీ, తల్లి నోవెలా దక్షిణాన ఒకే ఇంట్లో ఉంటారు. కోల్బీకి ఇరవై ఏడు. టెన్నెసీలోనే నాక్స్‌విల్‌లో లా చదివాడు. అక్క వర్జీనియా పరీక్ష రాసే ఆ రెండు రోజుల్లోనే అతను టెన్నెసీ పరీక్ష రాయాలి. వేసవి అంతా సాయంత్రాలు ఇద్దరూ తల్లి వంటింటి బల్ల దగ్గర చదివారు. ప్రశ్నలు అడిగే పని నోవెలా తీసుకుంది. ఆమె ముప్పై ఒక్కేళ్లు స్కూలు బస్సు నడిపి రిటైరైంది. పుస్తకంలో ప్రశ్నలు ఆమెకు నచ్చలేదు. వాటిలో ఎవరూ తెలిసినవాళ్లు లేరంది. సొంతంగా కల్పించింది.

"ఇదిగో వినండి. మన డోరిస్ సరుకుల కొట్లో జారిపడింది. నేల తడి. కొట్టువాడు తుడవలేదు. ఇదేమో ఫోన్లో మనవడి ఫొటో చూసుకుంటూ నడిచింది. తప్పు కొట్టువాడిది నూటికి ఎనభై పాళ్లు, దీనిది ఇరవై. తుంటి విరిగింది. నువ్వు చెప్పరా."

"ఎనభై పాళ్లు వస్తుంది," అన్నాడు కోల్బీ. "డోరిస్ తప్పు సగంలోపే కదా. దాని వాటా కోసేసి మిగతాది ఇస్తారు."

"నువ్వు చెప్పవే."

"ఏమీ రాదు," అంది ట్విలా.

"ఏమీ అంటే?"

"ఏమీ అంటే ఏమీనే. వర్జీనియాలో పడ్డవాళ్ల తప్పు ఒక్క పాలున్నా చిల్లిగవ్వ రాలదు."

"అదేం న్యాయమే! తుంటి విరిగిందే దానికి!"

"చట్టం నేను రాశానా అమ్మా?"

"రాయకపోతే మానె. వెనకేసుకొస్తున్నావుగా. ఒరేయ్, డోరిస్‌తో చెప్పు, ఈసారి పడేటప్పుడు రోడ్డు దాటొచ్చి ఇటువైపు పడమని."

"అక్కడ పడి దొర్లుకుంటూ ఇటొస్తేనో?" అన్నాడు కోల్బీ.

"దొర్లనీ. అది దొర్లగలదు."

డోరిస్ ఎదురింటావిడ. ఆమెకు ఏమీ కాలేదు. ప్రతి గురువారం బంతి దొర్లించే బౌలింగ్ ఆటకి వెళ్లేది. నోవెలా వంటింట్లో మాత్రం జూలై పదో తేదీలోగా ఆమె పద్నాలుగుసార్లు పడింది: చర్చి మెట్ల మీద, బ్యాంకు ముందు, ఓసారి సొంత అత్తగారి అంత్యక్రియల్లో. పడ్డ ప్రతిసారీ కోల్బీ డబ్బు ఇప్పించాడు, ట్విలా ఇప్పించలేదు. ఇప్పించినవాడికి నోవెలా, పీచ్ పండ్లతో కాల్చిన 'పై'లోంచి పెద్ద ముక్క కోసి పెట్టింది. ఇప్పించని కూతురికి అంచు ముక్క పెట్టింది.

"నేను చెప్పిందీ కరెక్టే కదమ్మా," అంది ట్విలా.

"కరెక్టే. తిను."

కోల్బీ ఒకటికి రెండుసార్లు హెచ్చరించాడు.

"అక్కా, అమ్మ మాటలు చెవికెక్కించుకోకు. అక్కడికెళ్లి నా పరీక్ష రాసొస్తావ్."

"నోర్ముయ్. నా పరీక్ష ఏదో నాకు తెలుసు."

రోనోక్‌లో రెండో ప్రశ్న ఇది: ఇనుప సామాను కొట్లో నేల తడిగా ఉంది. ఒకామె ఫోన్ చూసుకుంటూ నడిచి జారిపడింది. మణికట్టు విరిగింది. పరిహారం వస్తుందా? పేరు డోరిస్ కాదు, అంతే. ట్విలా నవ్వు ఆపుకుని టైపు చేయడం మొదలుపెట్టింది. వాది తప్పు ఎంత, కొట్టువాడిది ఎంత అని పంచింది. వాది వాటా తీసేసింది. మిగతాది ఇప్పించింది. మూడో పేరాలో ఆ లెక్క ఎందుకు న్యాయమో రాస్తుండగా, చప్పుడు వినపడకుండా చెవిలో పెట్టుకున్న బిరడా జారి కింద పడింది. తీసుకుందామని వంగింది.

బల్లల కింద వరసగా కాళ్లు కనిపించాయి. వర్జీనియా బార్ పరీక్షకు కోర్టుకు వెళ్లినట్టే కోటు వేసుకుని రావాలి. నడిస్తే చప్పుడు కాకూడదు కాబట్టి కాళ్లకు రబ్బరు అడుగు బూట్లు ఉండాలి. పక్క కుర్చీలో నీలం సూటు, టై కట్టిన మనిషి నారింజ రంగు రన్నింగ్ షూస్‌లో ఉన్నాడు. అవతలి ఆమె నల్ల స్కర్టు కింద టెన్నిస్ బూట్లు. ఆ సమయానికి కోల్బీ తన పరీక్షలో నిక్కరు వేసుకుని కూర్చున్నాడు. అక్కడ ఎవరూ అడగరు.

ట్విలా తన కాళ్లు చూసుకుంది. మంచి కోటు, మంచి స్కర్టు, వాకింగ్ షూస్. ఇది వర్జీనియా పరీక్ష వేషం. తల ఎత్తి తెర చూసింది. తెర మీద డోరిస్‌కి ఎనభై పాళ్లు వచ్చాయి.

ప్రశ్నకు ముప్పై ఆరు నిమిషాలు లెక్క వేసుకుంది. ఇంకా ఏడు మిగిలాయి. అంతా చెరిపి మళ్లీ రాయడానికి ఏడు నిమిషాలు చాలవు.

జెంట్రీ ఆమెను కోర్టుకు తీసుకెళ్లిన మొదటి రోజు ఒక మాట చెప్పారు. "తప్పు మాట నోరు జారితే మింగడానికి చూడకు. జడ్జి వినేశాడు. దాన్ని ఎదుటివాడి వాదన చేసెయ్. తర్వాత దాన్నే చితక్కొట్టు."

ఆమె మొదటి పేరా పైకి వెళ్లి ఒక వాక్యం చేర్చింది: "వాది తరఫు లాయరు ఇలా వాదించవచ్చు, టెన్నెసీలో అయితే ఈ వాదన నిలుస్తుంది." మూడో పేరాలో ఉన్న అర వాక్యం కొట్టేసింది. దాని చోట రాసింది: "వర్జీనియాలో నిలవదు. వాది తప్పు ఒక్క పాలున్నా దావా మొత్తం పోతుంది. ఈమెకు ఏమీ రాదు." పది గంటల పదమూడు నిమిషాలకు మూడో ప్రశ్నకు వెళ్లింది.

బుధవారం సాయంత్రం రెండో రోజు పరీక్ష ముగించుకుని, రెండున్నర గంటలు కారు నడిపి తల్లి ఇంటికి వచ్చింది. కోల్బీ ఆమెకంటే ముందే వచ్చి బీన్స్, కార్న్‌బ్రెడ్ తింటున్నాడు.

"ఏం వచ్చింది?" అంది నోవెలా.

"డోరిస్ వచ్చింది."

"నిజంగా? ఎంతిచ్చావ్?"

"ముందు ఎనభై పాళ్లిచ్చాను."

"నా తల్లే!"

"తర్వాత లాక్కున్నాను."

"ఛీ, ఏం మనిషివే!"

"అమ్మా, ఆ ఎనభై పాళ్ల వల్ల జెంట్రీ గారి ఆఫీసు నాకు రాకుండా పోయేది, తెలుసా?"

నోవెలా గరిటె కింద పెట్టింది. "అంత ఖరీదని నాకెలా తెలుస్తుందే," అంది.

కోల్బీ తినడం ఆపాడు. "అంటే నా పరీక్షలో రెండు పేరాలు నువ్వే రాశావన్నమాట. నా మార్కుల్లో ఏమైనా కలుపుతారా?"

గురువారం ట్విలా జరిగింది జరిగినట్టు జెంట్రీకి చెప్పింది. చేర్చిన వాక్యం మళ్లీ చెప్పమన్నారు ఆయన. చెప్పింది.

"బాగానే ఉంది. నేనైతే టెన్నెసీ పేరు ఎత్తేవాణ్ణి కాదు."

"ఎందుకు సార్?"

"రిచ్‌మండ్‌లో దిద్దేవాళ్లకి పక్కింటి సంగతులు గిట్టవు."

"అయితే పోయినట్టేనా?"

"నాకేం తెలుసు? నేను దిద్దడం లేదుగా. ఆ కాఫీ ఇటివ్వు."

అక్టోబరు 10న టెన్నెసీ ఫలితాలు వచ్చాయి. కోల్బీ పాసయ్యాడు. నోవెలా మళ్లీ పీచ్ 'పై' చేసింది. ట్విలా వారం పాటు అటు వెళ్లలేదు.

అక్టోబరు 17, శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలకు వర్జీనియా జాబితా వచ్చింది. జెంట్రీ కళ్లజోడు తుడిచి కంప్యూటరు ముందుకు వంగారు. ముల్లిన్స్ ఇంటిపేరుతో ముగ్గురున్నారు. మూడో పేరు ట్విలా జీన్.

పాసైనవాళ్లకు వర్జీనియా పరీక్ష బోర్డు మార్కులు పంపదు. రెండో ప్రశ్నకు ఎన్ని వచ్చాయో ఆమెకు తెలియదు. నవంబరు 3న రాజధాని రిచ్‌మండ్‌లో లాయరుగా ప్రమాణం చేసింది. డిసెంబరు 31న ఆఫీసు ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా తెరిచి ఉంది.