గార్స్టన్ గారి మర్యాద ఉత్తరం

మా మేనేజరు సెప్టిమస్ గార్స్టన్ గారు రాజుల వేషాలు కట్టడంలో ఎంత ఘనుడో, ఉత్తరాలు రాయడంలో అంతకు మించిన ఘనుడు. పొద్దున్నే ఉప్పుచేప తిని, టీ తాగి, రాత్రి నిద్రకు పెట్టుకున్న టోపీ తియ్యకుండానే బల్ల ముందు కూర్చునేవారు. యార్మత్ రేవులోని మా నాటకశాలకు నాటకం రాసి పంపనివాడు లేడు. పాదిరీలు పంపేవారు, పంతుళ్లు పంపేవారు, సుంకాల గుమస్తా అయితే పద్యాల్లో పంపేవాడు. అందరికీ ఆయనే స్వయంగా జవాబు రాసేవారు. ‘వద్దు’ అన్న మాట మాత్రం ఆయన కలంలోంచి ఏనాడూ జారలేదు.

నేను ఆ కంపెనీలో దుస్తులు కుట్టేదాన్ని. రాజుగారి బొజ్జ పెరిగినప్పుడల్లా కోటు వదులు చేసేదాన్నీ నేనే. ఉత్తరం టపాలో వేసే ముందు నాకు చదివి వినిపించడం ఆయనకు సరదా.

“కెజియా, విన్నావా?” అన్నారొక రోజు. “బెకిల్స్ అనే ఊరి నుంచి ఎవరో మిస్ టాబితా ఆల్డస్ అట, ఐదంకాల విషాద నాటకం పంపింది. ఆఖరి అంకానికి అందరూ చచ్చారు. శవాల్ని లోపలికి మోసుకుపోవడానిక్కూడా ఒక్కణ్ని మిగల్చలేదు మహాతల్లి!”

“అయితే వద్దని రాసెయ్యండి.”

“ఛ ఛ, ఆడమనిషి మనసు నొప్పిస్తామా?” అని గొంతు సవరించుకుని చదివారు. “అమ్మా, మీ నాటకం నన్ను నిద్రపోనివ్వలేదు. ఇంత బరువైన రచనను మోసే బలం మా రంగస్థలానికి లేదన్నదే నా దుఃఖం. ఆ లోపం తీరిననాడు మీ నాటకానికే తెర లేస్తుంది.”

“అయ్యగారూ, ఇంతకీ ఇది వద్దన్నట్టా, రమ్మన్నట్టా?”

“తెలివైనవాళ్లకి తెలుస్తుందిలే,” అన్నారు ఉత్తరం అంటించడానికి లక్క కరిగిస్తూ.

వారం తిరక్కుండానే, మేం రిహార్సలులో ఉండగా, వానకు తడిసిన గొడుగుతో ఒకావిడ వచ్చింది. నలభై దాటి ఉంటాయి. బెకిల్స్‌లో చిన్నపిల్లలకు బడి నడుపుతుందట. వెనకాలే భుజాన పనిముట్ల సంచితో ఒక పొడుగాటి మనిషి.

“నేనే టాబితా ఆల్డస్‌ని. ఈయన మా అన్నయ్య రూబెన్, పడవలు కడతాడు. స్టేజీకి బలం లేదని రాశారుగా, బాగుచేస్తాడని వెంటబెట్టుకొచ్చాను.”

గార్స్టన్ గారు స్టేజీ మీద ఎన్నోసార్లు విషం తాగి చచ్చారు గానీ, ఆయన మొహానికి ఆ రంగు ఎప్పుడూ రాలేదు. కాపాడమన్నట్టు నా వైపు చూశారు. నేను కింద పడిన సూదిని వెతుక్కుంటున్నాను.

“అమ్మా, అదీ... ఒక రకంగా చెప్పాలంటే...”

“ఏ రకంగా చెప్పినా బలం లేదనేగా?” అంటూ రూబెన్ స్టేజీ కిందికి దూరాడు. కాసేపటికి లోపల్నుంచి గొంతు వినిపించింది. “మీరు రాసింది నిజమేనండోయ్! నడిమి దూలం పుచ్చిపోయింది. వేలితో పొడిస్తే పొడి రాలుతోంది. రేపో మాపో సింహాసనంతో సహా కిందికి దిగేవారు!”

మొహమాటానికి ఆడిన అబద్ధం నిజమైపోయేసరికి, సంతోషించాలో ఏడవాలో ఆయనకు తెలియలేదు. రూబెన్ కొత్త ఓక్ దూలం వేశాడు. కూలి ఇవ్వబోతే, “చెల్లెలి నాటకం కోసం చేశానండీ,” అని చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

“ఇప్పుడేం చేద్దాం కెజియా?”

“రాణికి నల్ల పట్టు కావాలి. ఎన్ని గజాలు తెమ్మంటారు?” అన్నాను.

హెరింగ్ చేపల వేట జోరుగా సాగే రోజుల్లో నాటకం వేశాం. పై అంతస్తు గ్యాలరీ నిండా రేవు జనం. మొదటి చావుకే నవ్వు మొదలైంది. ప్రధానమంత్రి పడేసరికి పైనుంచి ఎవడో, “ఇంకెవడు మిగిలాడ్రా?” అని కేకేశాడు. మిస్ ఆల్డస్ తెర పక్కన నా దగ్గరే నిలబడి చేతి తొడుగులు మెలిపెడుతోంది.

మూడో అంకంలో రాణి రాజుగారి ఓడ కోసం ఎదురుచూస్తుంది. ఏడవదు, పెద్ద మాటలేవీ పలకదు. బల్ల మీద ఆయన కంచం పెడుతుంది. కాసేపాగి తీస్తుంది, తుడుస్తుంది, మళ్లీ అక్కడే పెడుతుంది. గ్యాలరీలో నవ్వు చప్పున ఆగిపోయింది. పైనెక్కడో ఒక ఆడమనిషి ముక్కు చీదిన చప్పుడు మాకు వినిపించింది.

“నేనూ అలాగే పెట్టేదాన్ని,” అంది మిస్ ఆల్డస్, స్టేజీ మీంచి చూపు తిప్పకుండా. ఎవరికని నేను అడగలేదు.

నాలుగో అంకంలో చావులు మళ్లీ మొదలయ్యాయి, స్టేజీ మీదికి నారింజ తొక్కలు విసరడమూ మొదలైంది.

తెర పడ్డాక ఆవిడ సూటిగా అడిగింది. “ఎలా ఉందండీ నా నాటకం?”

కిరీటం పక్కకి ఒరిగిపోయి ఉన్న గార్స్టన్ గారు దాన్ని సర్దుకున్నారు. “రేపు ఉత్తరం రాస్తానమ్మా,” అని గదిలోకి పారిపోయారు.

మర్నాడు ఎన్ని కాగితాలు చింపారో. చివరికి నన్ను పిలిచి చదివారు. “అమ్మా, మీ నాటకం బాగాలేదు. కంచం ఘట్టం మాత్రం, నా జన్మలో అలాంటిది చూడలేదు. మిగతాదంతా పొయ్యిలో పెట్టండి. రాణిని ఈ రేవులో చేపలు పట్టేవాడి పెళ్లాన్ని చేసి మళ్లీ రాయండి. దయచేసి అంతమందిని చంపకండి.”

“ఏడుస్తుందేమో కెజియా.”

“ఏడవనివ్వండి. టపాలో వెయ్యండి.”

చలికాలమంతా జవాబు లేదు. టపా బంట్రోతు కనిపిస్తే చాలు, మా మేనేజరు చేస్తున్న వేషం వదిలేసి ఎదురెళ్లేవారు. క్షమాపణ రాస్తానని కూర్చున్న రోజున సిరాబుడ్డి నేను దాచేశాను.

వసంతంలో ఆవిడే వచ్చింది. చేతిలో కాగితాలు కొద్దిగానే ఉన్నాయి.

“మీ ఉత్తరం చదివి వారం రోజులు మిమ్మల్ని తిట్టుకున్నాను,” అంది. “ఈసారి ఒక్కణ్నే చంపాను. అతను నిజంగానే పోయాడు కాబట్టి.”

గార్స్టన్ గారు కిటికీ దగ్గర నిలబడి, వీపు మాకు పెట్టి చదివారు. చివరి కాగితం మడిచి ఇటు తిరిగారు.

“వేస్తాం,” అన్నారు.

ఆయన అంత చిన్న మాటతో సరిపెట్టడం నేను వినడం అదే మొదలు.

మిస్ ఆల్డస్ మళ్లీ నాటకం రాయలేదు, బడి మానలేదు. ఆవిడా గార్స్టన్ గారూ మాత్రం ముసలివాళ్లయ్యేదాకా ఉత్తరాల్లో పోట్లాడుకున్నారు. సుంకాల గుమస్తాకు యథాప్రకారం తేనె పూసిన జవాబులే వెళ్లేవి. ఆ చిన్న నాటకాన్ని ప్రతి ఏటా చేపల వేట రోజుల్లో వేసేవాళ్లం. కంచం ఘట్టం వచ్చేసరికి గ్యాలరీలో మగవాళ్లు, శవయాత్ర ఎదురైనట్టు, ఒక్కొక్కరే టోపీలు తీసేవారు.