తల్లి గడిలో రాసిన అంకె

త్రాసు అబద్ధమాడదనీ, ఆడించేది మనిషేననీ ఆమె ఇరవై రెండేళ్ళుగా దుకాణదారులకు చెబుతూ వస్తోంది. తూనికలు కొలతల కార్యాలయంలో తనిఖీ అధికారిణి. పళ్ళెం అడుగున అంటించిన మైనపుముద్దనైనా, బల్ల కింద దాచిన అయస్కాంతాన్నైనా చూడకుండానే వేలితో తడిమి పట్టేస్తుంది. బజారులో ఆమెను వెనక 'గ్రాము మేడం' అంటారు. ఆ పేరు ఆమెకు తెలుసు. లోలోపల ఇష్టం కూడా. అటువంటి మనిషి ఒక మంగళవారం ఉదయం డాక్టరు గది ముందు బెంచీ మీద కూర్చొని, ఒళ్ళోని ఫారంలో 'తల్లి బరువు' అన్న గడిలో నలభై ఎనిమిది అని రాసింది. చేయి తడబడలేదు. పదమూడేళ్ళుగా అలవాటుపడిన చేయి.

ఆ గడి అడిగింది ఆమె బరువును కాదు, పక్కన కూర్చున్న పిల్లను కన్న మనిషి బరువును. ఆ కన్న మనిషి వేరే ఉన్నదన్న సంగతి ఈ ఊళ్ళో ముగ్గురికే తెలుసు: తనకు, భర్తకు, అత్తగారికి. పసికందు మూడు వారాలది కాగానే బదిలీ చేయించుకుని, ఎవరూ ఎరగని ఈ ఊరికి వచ్చి, పొత్తిళ్ళలోని బిడ్డను తమ బిడ్డగానే ఇరుగుపొరుగుకు చూపించారు. ఎవరూ ఏమీ అడగలేదు. అడగనిదానికి బదులు చెప్పలేదు కనుక తాము అబద్ధమాడినట్టు కాదని ముగ్గురూ తీర్మానించుకున్నారు.

పిల్లకు ఏడాది నిండేసరికి మణికట్ల దగ్గర మడతలు పడ్డాయి. అత్తగారు ముచ్చటపడి 'గున్న' అని పేరు పెట్టింది. రెండేళ్ళ పిల్లను ఏనుగు గున్న అంటే ముద్దు. పదమూడేళ్ళ పిల్లకు ఆ పిలుపే కొరడా. మారినది పేరు కాదు, పిలిచే గొంతు.

ముందురోజు బడి మైదానంలో గున్న కళ్ళు తిరిగి పడిపోయింది. పరుగెత్తించినది తండ్రే, ఆయన ఆ బడిలోనే వ్యాయామ ఉపాధ్యాయుడు. చువ్వలాంటి మనిషి. వరసలో చివర వస్తున్న కూతుర్ని చూసి పిల్లలు "సార్ వాళ్ళ లారీ వస్తోంది, దారివ్వండ్రా!" అని నవ్వితే, ఆయన విన్నాడు. విని, నవ్వినవాళ్ళను ఒక్క మాట అనకుండా, కూతురి చేత ఇంకో రెండు చుట్లు వేయించాడు. ఆ పూట పిల్ల కడుపులో ఉన్నది ఒక గుడ్డు, సగం ఆపిల్.

డాక్టరు రక్తపరీక్షల కాగితాలు తిరగేసి, ఫారం చూసి, ఎదురుగా కూర్చున్న భార్యాభర్తలను ఎగాదిగా చూశాడు.

"రక్తంలో తేడా ఏమీ లేదమ్మా. బరువన్నది కొంత పుట్టుకతో వస్తుంది, కొంత కంచంలోంచి వస్తుంది. ఏది ఎంతన్నది మనిషిని బట్టి ఉంటుంది. అందుకే తల్లిదండ్రుల బరువు అడుగుతాం. మీలో ఒక్కరు లావుగా ఉన్నా నేను పిల్లని ఏమీ అనను. మీరు చూస్తే ఇద్దరూ అగ్గిపుల్లలు. ఇక మిగిలింది కంచమే కదా?" పిల్ల వైపు తిరిగాడు. "ఏం తల్లీ, రోజుకి ఎంత తింటావు? నిజం చెప్పాలి."

"పొద్దున ఒక గుడ్డు, సగం పండు. మధ్యాహ్నం ఉడకేసిన కూరముక్కలు రెండువందల గ్రాములు, రొట్టె అరవై గ్రాములు. సాయంత్రం పాలు, నీళ్ళు కలిపినవి. రాత్రికి మళ్ళీ కూరముక్కలే, నూటయాభై."

డాక్టరు నవ్వాడు. "గ్రాముల్లో చెబుతోందే!"

"మా అమ్మ తూచి పెడుతుందండీ."

"ఇంతే తింటే లెక్క కుదరట్లేదమ్మా. చాటుగా ఏమైనా తింటావా?"

"లేదండీ."

"పోనీ బళ్ళో స్నేహితులు పెడితే?"

"నా పక్కన ఎవరూ కూర్చోరండీ."

తండ్రి కిటికీ వైపు చూశాడు. గున్న తల్లి మోచేయి పట్టుకుంది. "అమ్మా, నువ్వు చెప్పు. నీకు తెలుసుగా."

ఆమెకు తెలుసు. ఎంత తెలుసో పిల్లకు కూడా తెలియదు. రెండేళ్ళ కిందట అత్తగారు "డబ్బాలో బిస్కట్లు తగ్గుతున్నాయమ్మాయ్, ఇంట్లో పందికొక్కు తిరుగుతోంది" అన్ననాటి నుంచి, కార్యాలయంలో పరీక్షించి ముద్ర వేసిన చిన్న త్రాసు ఒకటి తెచ్చి, వంటింట్లోని బిస్కట్ల డబ్బా, పంచదార సీసా, వెన్నగిన్నె, రొట్టెల బుట్ట ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి తూచింది. తగ్గినదల్లా అత్తగారో భర్తో తాను చూస్తుండగా తిన్నంతే. ఒక్క గ్రాము తేడా రాలేదు. బడిసంచీ వెతికింది, రొట్టెపొడి కూడా లేదు. పిల్ల చేతికి చిల్లిగవ్వ ఇవ్వరు. గున్న చెప్పేది అక్షరాలా నిజమని ఆమె రుజువు చేసుకుంది. రుజువును తన దగ్గరే ఉంచుకుంది.

ఎందుకంటే ఆ రుజువుకు ఒక తోక ఉంది. తిండి కాకపోతే మరేమిటని అడుగుతారు. పుట్టుకంటే, ఎవరి పుట్టుకని అడుగుతారు. జవాబు ఆమె కళ్ళలో ఉంది. పదమూడేళ్ళ కిందట ప్రసూతి ఆసుపత్రి వరండాలో సంతకాలైన తరువాత చూసిన దృశ్యం: కన్న మనిషి, ఆమె అక్క, వాళ్ళ తల్లి, ముగ్గురూ భారీ మనుషులు, గోడవారన బెంచీ మీద ఇరుక్కుని కూర్చున్నారు. పొద్దుటి నుంచి వాళ్ళు ఏమీ తినలేదని ఆయా చెప్పింది. అక్క కాగితంపొట్లం విప్పి, ఒకే ఒక్క రొట్టెను మూడు ముక్కలు చేసి, పెద్ద ముక్కను బాలింతకు ఇచ్చింది. ముగ్గురూ ఒళ్ళో రాలిన పొడి కూడా వేలితో అద్దుకుని తిన్నారు.

"ఏమమ్మా?" అన్నాడు డాక్టరు.

"ఇంట్లో తినేది అంతేనండీ," అందామె. "బయట సంగతి నాకు తెలీదు."

మోచేతి మీది వేళ్ళు మెల్లగా వదిలాయి. డాక్టరు చీటీ మీద రాశాడు: ఆహార వివరాలు నమ్మదగినవిగా లేవు.

ఇంటికి రాగానే అత్తగారు వాకిట్లోనే ఎదురైంది. "ఏమన్నాడు?"

"ఏమంటాడు, మనం అనుకున్నదే. దొంగతిండి," అన్నాడు కొడుకు చెప్పులు విడుస్తూ.

"నే చెప్పలా? మన వంశంలో ఇలాంటి ఒళ్ళు ఎవరికైనా ఉందీ?" అని అత్తగారు మనవరాలిని వెనక నుంచి ఆపాదమస్తకం చూసి, కోడలి వైపు తిరిగి గొంతు తగ్గించింది. "విత్తనాన్ని బట్టే చెట్టమ్మాయ్."

"అత్తయ్యా, పిల్ల వింటుంది."

"వింటే ఏం అర్థమవుతుందీ? సామెతేగా."

ఆవిడకు ఆ సామెతంటే ప్రాణం. నిజాన్ని నడివాకిట్లో నిలబెట్టి, దాని మీద సామెత అనే దుప్పటి కప్పి, ఎవరూ గుర్తుపట్టకుండా దాన్ని కొట్టడంలో ఆవిడకు సాటి లేరు. ఒకే నోటితో 'పుట్టుకే అంత' అనేది, 'తినే అంతైంది' అనేది. రెండింటిలో ఏది నిజమైనా శిక్ష మాత్రం పిల్లకే.

ఊరికి నలభై మైళ్ళ దూరంలో భర్త మిత్రుడొకడు లావు పిల్లలకు శిబిరం నడుపుతున్నాడు. మూడు నెలలు. ప్రహరీగోడ, తాళం వేసిన గేటు, తెల్లవారుజామున పరుగు, ఫోను లేదు. చేర్చుకోవడానికి ఒక షరతు ఉంది: తాను ఏమేమి దొంగచాటుగా తిన్నదీ పిల్లే స్వహస్తాలతో రాసి సంతకం పెట్టాలి. తప్పు ఒప్పుకోనిదే ఒళ్ళు తగ్గదట.

"రాయడానికి ఏమీ లేదు నాన్నా," అంది గున్న.

"ఉన్నది రాయి."

"ఉన్నదే చెబుతున్నా. ఏమీ లేదు."

"సరే. రాసేదాకా ఈ ఇంట్లో నీతో ఎవరూ మాట్లాడరు."

మూడు రోజులు మాట్లాడలేదు. అత్తగారు కంచం తోసేది. తండ్రి ఎదురుపడితే తప్పుకునేవాడు. తల్లి కూడా మాట్లాడలేదు. రాత్రి అన్నీ సర్ది, తూచి, పిల్ల గది ముందు నుంచే వెళ్ళి పడుకునేది. మధ్యలో ఒకసారి "అమ్మా, కడుపులో నొప్పిగా ఉంది" అన్న మాట తలుపు వెనక నుంచి వినిపిస్తే, నీళ్ళ గ్లాసు గడప దగ్గర పెట్టి వచ్చింది. గడప దాటలేదు.

నాలుగో రోజు, శనివారం మధ్యాహ్నం, భర్త వెలిగిపోతున్న మొహంతో వంటింట్లోకి వచ్చి కాగితం చేతికిచ్చాడు. "చదువు. మూడు రోజులకే దారికొచ్చింది. ఒక్క సంతకం పెట్టిస్తే రేపు పొద్దున్నే బండి వస్తుంది."

గుండ్రటి అక్షరాలు. కొట్టివేతలు లేవు. 'నేను రోజూ బడి నుంచి వస్తూ బజారు చివర రొట్టెల దుకాణంలో తీపిరొట్టెలు నాలుగు కొంటాను. ఒక్కొక్కటి నూరు గ్రాములు. దుకాణం వెనక నిలబడి తిని, మూతి తుడుచుకుని వస్తాను. డబ్బు నాన్న చొక్కా జేబులోంచి తీస్తాను.'

ఆమె రెండుసార్లు చదివింది. బజారు చివర రొట్టెల దుకాణానికి పద్నాలుగు నెలల కిందట తాళం వేయించి లక్కముద్ర కొట్టింది తానే. దొంగ త్రాసు. యజమాని ఊరు విడిచిపోయాడు. తలుపు మళ్ళీ తెరుచుకోలేదు. బజారుకు వెళ్ళనివ్వని పిల్లకు ఆ సంగతి తెలియదు. చిన్నప్పుడెప్పుడో అమ్మ చేయి పట్టుకుని వెళ్ళిన దుకాణం అది ఒక్కటే కాబట్టి, దొంగతనం చేయవలసి వచ్చినప్పుడు అదే గుర్తొచ్చింది. చేయని నేరాన్ని కూడా ఆ పిల్ల గ్రాములతో సహా రాసింది.

కాగితం పట్టుకుని ఆమె గదిలోకి వెళ్ళింది. గున్న మంచం అంచున కూర్చొని ఉంది. మూడు రోజుల్లో కళ్ళకింద నీలం పాకింది గాని ఒళ్ళు మాత్రం అలాగే ఉంది.

"ఇది అబద్ధం," అందామె. "ఆ దుకాణం మూసేసి ఏడాది దాటింది."

"అలాగా," అంది గున్న. "వేరేది చెప్పు, రాస్తాను."

ఆమె తలుపు మూసి, పక్కన కూర్చొని చెప్పింది. అంతా చెప్పింది: ఆసుపత్రి, సంతకాలు, బదిలీ, ఫారంలోని గడి. చెబుతున్నంతసేపూ ఆమెకు భయంగానే ఉన్నా, అడుగున ఒక చిన్న గర్వం కూడా ఉంది. పిల్లకు తాను విడుదల పత్రం తెచ్చి ఇస్తున్నట్టు అనిపించింది. ఏడుస్తుందనుకుంది, మెడ చుట్టూ చేతులు వేస్తుందనుకుంది, 'నువ్వు నా అమ్మవు కాదు' అన్నా పడదామని సిద్ధపడింది.

గున్న తన మణికట్లు చూసుకుంది. "ఆవిడ నాలాగే ఉండేదా?"

"అచ్చం."

"బాగా తినేదా?"

"ఒక రొట్టెని ముగ్గురు పంచుకు తినడం చూశాను. నీ తప్పేం లేదు తల్లీ. తిండి కాదు, పుట్టుక. నాకు తెలుసు."

"ఎప్పటినుంచి?"

"నువ్వు పుట్టినప్పటినుంచీ తెలుసుగా నాకు."

"అది కాదమ్మా. నేను దొంగతనం చెయ్యట్లేదని ఎప్పటినుంచి తెలుసు?"

ఆమె అబద్ధం చెప్పవచ్చు. ఇరవై రెండేళ్ళ వృత్తి అడ్డుపడింది. "రెండేళ్ళు. డబ్బాలు తూచేదాన్ని."

"అయితే డాక్టరు అడిగినప్పుడు?"

"తెలుసు."

"నాతో మాట్లాడని ఈ మూడు రోజులూ?"

ఆమె కాగితాన్ని చింపడానికి రెండు చేతులా పట్టుకుంది. "ఆ కాగితం చింపేద్దాం. నాన్నకి నేను చెబుతాను. శిబిరం వద్దు, ఏమీ వద్దు. ఇక్కడే ఉండు."

గున్న ఆమె చేతిలోంచి కాగితం తీసుకుంది. చింపలేదు. బల్ల మీది కలం అందుకుని, అడుగున ఖాళీగా ఉన్న చోట పూర్తి పేరు రాసి సంతకం పెట్టింది.

"ఇదేమిటే! నేను చెప్పింది విన్నావా?"

"విన్నాను. అక్కడివాళ్ళకి ఇదంతా తెలీదుగా. తెలీక నన్ను దొంగంటారు. దాన్ని ఓర్చుకోవచ్చు," అంది గున్న. లేచి అలమారలోంచి బట్టలు తీయడం మొదలుపెట్టింది. ఆమె సంచీ మీద చేయి వేస్తే, విసురుగా కాక, బస్సులో అపరిచితురాలి చేయి జరిపినంత మర్యాదగా పక్కకు జరిపింది. "మూడు నెలలేగా. నువ్వు పదమూడేళ్ళు ఆగావు."

ఆదివారం ఉదయం ఏడింటికి బండి వచ్చింది. భర్త సంచీ పట్టుకుని ముందు నడిచాడు. గుమ్మంలో అత్తగారు బుగ్గన వేలు పెట్టుకుని, "చూశావుటమ్మాయ్, తప్పు ఒప్పుకున్నాక మొహం ఎంత తేటపడిందో!" అంది.

"అది తప్పేమీ చెయ్యలేదత్తయ్యా," అందామె, వీధికి వినపడేలా. "రెండేళ్ళు నేను అన్నీ తూచాను. ఒక్క గ్రాము పోలేదు."

భర్త వెనక్కి తిరిగాడు. "అది సంతకం పెట్టాక ఇప్పుడేంటి నీ తూకం? వీధిలో తమాషానా? లోపలికి పద."

బండి నడిపే మనిషి కాగితం చదువుకుంటూ, వెనకసీటు ఎక్కుతున్న పిల్లను చూసి వేళాకోళంగా అన్నాడు, "ఏం పాపా, రోజుకి నాలుగు రొట్టెలా? నిజమేనా?"

ఆమె గేటు పట్టుకుని ముందుకు వంగింది. గున్న ఆమె వైపు చూడలేదు. సీటు మధ్యలో సర్దుకుని కూర్చొని, సంచీ ఒళ్ళో పెట్టుకుంది.

"నిజమేనండీ," అంది.

పదమూడేళ్ళలో ఆ పిల్ల నోటి వెంట ఒక అబద్ధం రావడం తల్లి వినడం అదే మొదలు.