బండి దొర్లితే వచ్చే చప్పుడు

ఆ చప్పుడు మొదట విన్నది పైడమ్మే. అల్లుడు గిరీష్ ఆమెను ఇనుప గని ఊరు కిరందుల్‌లో బజారు నుంచి క్వార్టర్‌కు తీసుకొస్తుంటే, కారు అడుగున ఎక్కడో సన్నగా, పిచ్చిక పిల్ల అరిచినట్టు కిచకిచమంది. గిరీష్‌కూ వినబడింది. అది పాత బండి. జీపులా ఎత్తుగా ఉంటుంది, ఏడుగురు పడతారు. పక్క ఊరు బచేలీలో ఒకాయన దగ్గర కొన్నాడు.

"మావయ్యకి చూపిద్దారత్తా. ఇక్కడి మెకానిక్‌లంతా ఆయన తరవాతే కదా" అన్నాడు.

ఆ మాట ఒప్పుకోని వాళ్ళు టౌన్‌షిప్‌లో లేరు. సన్యాసిరావు ముప్ఫయ్యేళ్ళు గనిలో రాయి మోసే డంపర్ల గేర్‌బాక్సులు విప్పి బిగించినవాడు. బొబ్బిలి దగ్గర పల్లె నుంచి కుర్రతనంలో వచ్చి ఈ కొండ కిందే ముసలివాడయ్యాడు. డంపరు ఎదురుగా నడిచి వస్తుంటేనే లోపల ఏ బేరింగు పోయిందో చెప్పేవాడు. చెవుల్లో పెట్టుకోమని రబ్బరు బిరడాలు ఇస్తే జేబులో వేసుకునేవాడు. అవి పెట్టుకుంటే బండి మాట వినబడదనేవాడు. రిటైరయ్యాక కూడా ఆదివారం పూట ఎవరో ఒకరు బండి తెచ్చి గుమ్మంలో ఆపేవారు.

ఆ ఆదివారం గిరీష్ తెచ్చాడు. పక్క క్వార్టర్ నవీన్‌కుమార్, ఇంకో ఇద్దరు చూడ్డానికి చేరారు. సన్యాసిరావు స్టీరింగు దగ్గర కూర్చుని, "పైడీ, నువ్వెక్కు. ఇన్నదానివి నువ్వు కదా" అన్నాడు. మైదానం చుట్టూ బండి నడిపాడు.

"వస్తందా?"

"వస్తంది. కిచకిచమని. మెల్లగా ఎలితే మెల్లగా, జోరుగా ఎలితే జోరుగా."

క్లచ్ తొక్కి పట్టాడు. "ఇప్పుడో?"

"ఉంది."

గేరు తీసేసి బండిని దానంతట దాన్ని దొర్లనిచ్చాడు. "ఇప్పుడు?"

"అలాగే ఉంది."

"అయితే ఇంజనూ కాదు, గేర్‌బాక్సూ కాదు. బండి దొర్లితేనే వచ్చే చప్పుడది. చక్రాల కాడో, షాఫ్టు కాడో ఉండాల."

ఆ మాట అంటున్నప్పుడు అతని ముఖంలో పాత కళ వచ్చింది. బండి ఆపి కిందకు దూరాడు. గేర్‌బాక్సు నుంచి వెనక ఇరుసుకు వెళ్ళే పొడవాటి షాఫ్టును రెండు చేతులా పట్టి ఊపాడు. దాని రెండు కొసలా ఉండే జాయింట్లను తడిమాడు. ఎక్కడా వదులు లేదు. గ్రీజు ఎండిపోయి బిగుసుకుపోయిన జాయింటు చేతికి గట్టిగానే తగులుతుంది. దాని సంగతి చెవితోనే తెలియాలి.

మళ్ళీ ఎక్కి ఇంకో చుట్టు నడిపాడు. ఈసారి పైడమ్మ రోడ్డు చూడలేదు, మొగుణ్ణి చూసింది. అతను తల వంచి వింటున్నట్టే ఉన్నాడు. కళ్ళు మాత్రం ఆమె పెదాల మీదే ఉన్నాయి. చప్పుడు చెవిలో సూది పెట్టి పొడిచినట్టు వస్తుంటే, "వస్తందా, వస్తందా" అని అడుగుతూనే ఉన్నాడు.

బండి ఆగాక, ఇంజను మెల్లగా కొట్టుకుంటుండగా, "ఇదుగో, ఇప్పుడొస్తంది" అంది కావాలనే.

"ఆఁ, ఇన్నాను. ఇదే. సీటు కింద స్ప్రింగు" అన్నాడు.

దొర్లితేనే వచ్చే చప్పుడని తేల్చినవాడు అతనే. బండి నిలబడి ఉంది.

టీవీ ఎందుకు అంత గట్టిగా పెడతాడో, కుక్కర్ కూత వేస్తున్నా పక్కనే కూర్చుని ఎందుకు లేవడో, ఫోనులో కూతురి మాటకు పొంతన లేని జవాబులు ఎందుకిస్తాడో పైడమ్మకు అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. మొరటు మోతలు వింటున్నాడు. సన్నవి వినబడటం లేదు.

గిరీష్ దగ్గరకొచ్చాడు. "ఏటి మావయ్యా?"

"ఏటీ నేదు. సీటు స్ప్రింగు. ఆయిలు చుక్కేత్తాను."

నవీన్‌కుమార్, "చూశారా, ఎంత తొందరగా పట్టేశారో" అన్నాడు. పైడమ్మ నోరు తెరిచింది. నలుగురి మధ్యలో నిలబడి ఉన్న మొగుడి ముఖం చూసి మళ్ళీ మూసుకుంది. ఇంట్లో చెబుదాంలే అనుకుంది. ఇంట్లో కూడా చెప్పలేకపోయింది.

విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ ఒక్క రోజే గని చూడ్డానికి బయటివాళ్ళను కొండపైకి వదులుతారు. గిరీష్, అతని పెళ్ళాం కల్యాణి, అత్తమామలు కారులో బయల్దేరారు. ఎక్కేటప్పుడు కిచకిచ వినబడుతూనే ఉంది. గిరీష్ వెనక్కి తిరిగి నవ్వాడు. "మళ్ళీ అరుస్తందత్తా, స్ప్రింగు."

పైడమ్మ నవ్వలేదు. సన్యాసిరావు ముందు సీట్లో కూర్చుని, పూలదండలేసిన డంపర్లను అల్లుడికి చూపించాలన్న సంబరంలో ఉన్నాడు.

దిగేటప్పుడు వాన మొదలైంది. గిరీష్ రెండో గేరులో దించుతున్నాడు. ఒక మలుపు దాటాక కిచకిచ ఆగిపోయింది. దాని బదులు అడుగున ఠక్కుమని దెబ్బ, ఇంకోటి, ఇంకోటి.

"ఆపు బావూ! జాయింటు పోయింది, ఆపు!" సన్యాసిరావు అరిచాడు. ఆ దెబ్బలు అతనికి వినబడ్డాయి.

అతని మాట పూర్తికాక ముందే షాఫ్టు ఊడింది. ఊడినది ఊరికే పడలేదు, గిరగిర తిరుగుతూ బ్రేకు గొట్టాన్ని తెంపింది. బండిని పట్టి ఉంచిన గేరు పనికి రాకుండా పోయింది, బ్రేకు పెడలు నేలకంటింది. గిరీష్ హ్యాండ్‌బ్రేకు లాగాడు, నిలవలేదు. లోయ వైపు పోనివ్వకుండా బండిని కొండకేసి కొట్టాడు. అది రాయెక్కి కుడివైపుకు ఒరిగిపడి చాలా దూరం జారింది.

మిగతా ముగ్గురికీ గాయాలే. గిరీష్ కుడి కాలు తలుపు కింద నలిగిపోయింది. జగదల్‌పూర్ ఆసుపత్రిలో మోకాలి పైనుంచి తీసేశారు.

ఆసుపత్రి వరండాలో కల్యాణి తండ్రి వెనక నిలబడి అడిగింది. "బండి నువ్వు చూశావు కదా నాన్నా?" అతను తిరగలేదు. మళ్ళీ అడిగింది. తిరగలేదు.

"మీ నాన్నకి ఇనపడదే" అంది పైడమ్మ. "ఆ ఆదివారమే తెలిసింది నాకు."

కల్యాణి తల్లిని ఎగాదిగా చూసింది. "తెలిసీ ఎక్కించావేటమ్మా మమ్మల్ని? నువ్వూ ఎక్కావు."

మీ నాన్న పరువు అందామనుకుంది పైడమ్మ. కట్టుతో పడుకున్న గిరీష్ తలుపులోంచి కనబడుతుంటే ఆ మాట నోటికి రాలేదు.

గిరీష్ మామను ఒక్క మాట అనలేదు. మానుతున్న కాలుతో వాళ్ళమ్మ దగ్గరికి పార్వతీపురం వెళ్ళిపోయాడు. కల్యాణీ వెళ్ళింది.

క్వార్టర్‌లో ఇద్దరే మిగిలాక, ఒక మధ్యాహ్నం అన్నం దగ్గర సన్యాసిరావు అడిగాడు. "నాకు ఇనపడదని నీకెప్పుడు తెలిసింది?"

"బండి ఆగున్నప్పుడు ఇన్నానన్నావు సూడు, అప్పుడు."

"అది అంత సెడ్డ సప్పుడైతే నువ్వు ఊరుకోవనుకున్నానే. నీ ముఖం సూసి సెప్పాను" అన్నాడు.

పైడమ్మ కంచం ముందు నుంచి లేచింది. ఆ పూట ఇద్దరూ తినలేదు.

సంక్రాంతి పండగ ముందు కల్యాణి ఫోన్ చేసింది. గిరీష్‌కు కృత్రిమ కాలు కొలత తీసుకున్నారంది. తల్లి ఆరోగ్యం అడిగింది. "నాన్న ఇక్కడే ఉన్నాడే, ఇయ్యనా?" అంది పైడమ్మ.

"వద్దు. ఎలాగూ వినబడదు కదా."

ఫోన్ పెట్టేశాక సన్యాసిరావు చెయ్యి ఊపి, ఎవరని అడిగాడు. ఎవరో అని చెప్పి ఊరుకోవచ్చు. అతనూ నమ్మేవాడే. గుమ్మంలో నవీన్‌కుమార్, వాళ్ళావిడ నిలబడి ఉన్నారు.

"కల్యాణి!" అని గట్టిగా, వీధంతా వినబడేలా అరిచింది పైడమ్మ. "నీతో మాటాడనంది!"

ఈసారి అతను విన్నాడు. తలూపి, గోడవైపు తిరిగి పడుకున్నాడు.