తువ్వాలు కింది ధర

పత్తి మండీకి పోయిన రోజు పెద్దకడుబూరు ఆడవాళ్లు పొయ్యి మీద ఎసరు పెట్టి, హసన్‌బీ వాకిట్లోకి వచ్చి కూర్చునేవాళ్లు. ఆదోని మండీలో బేరమంతా తువ్వాలు కిందే. దలాలి చెయ్యి చాచి పైన తువ్వాలు కప్పుకుంటాడు. కొనేవాళ్లు ఒక్కొక్కరే లోపల చెయ్యి పెట్టి అతని వేళ్లు నొక్కుతారు. ముందు నొక్కినవి నూర్లు, తర్వాత నొక్కినవి పదులు. పండించినవాడు పక్కన నిలబడి గుడ్డ వంక చూస్తూ ఉండాలి. ఏడాదంతా నడుం విరిగేలా చేసినవాడికి తన పంట ధర కనబడకూడదట! ఎవడు పెట్టాడో ఈ ఆచారం, వాడి నోట్లో మన్ను పడ.

హసన్‌బీ ఏరిన పత్తికి బేరం జరిగితే ఆ నొక్కుళ్లు ఊళ్లో ఉన్న ఆమె వేళ్లకు తెలిసేవి. రొట్టె తడుతూ ఆగి, "నాలుగు... మళ్లా అయిదు. మన బజారి వాళ్ల పత్తి నాలుగు నూర్ల యాభై పలికింది" అనేది. ఆడవాళ్లు సరేనని లేచి ఎసరు చూసుకోవడానికి పోయేవాళ్లు. సాయంత్రం మొగవాళ్లు మాత్రం క్వింటాలు నాలుగు నూర్లేనంటూ వచ్చేవాళ్లు. ఆమె వేళ్లను నమ్మనివాడు ఊళ్లో లేడు. దలాలి మాటకు ఎదురు చెప్పేవాడూ లేడు.

ఎమర్జెన్సీ పోయిన మరుసటి ఏడు వానలు ఎగ్గొట్టాయి. కూలి వెతుక్కుంటూ సగం ఊరు సుగ్గికి, పరాయి ఊళ్లకు వలస పోవడానికి, మూటలు కట్టింది. హసన్‌బీ ఇంట్లో ఉన్నది నాలుగు క్వింటాళ్ల పత్తి, కాన్పుకొచ్చిన కూతురు షాహిదాబీ. సరైన ధర రాకపోతే ఆ నిండు చూలాలిని కూడా లారీ ఎక్కించుకుని పోవాల్సిందే, ఏ పరాయి చేలోనో కనాల్సిందే. అందుకే ఈసారి మొగుడు మాబు సాబ్ పక్కన ఆమె కూడా బండెక్కింది.

"మండీలో ఆడోళ్లకేం పని?" అన్నాడు అతను.

"ఏరేదానికి పనికొచ్చినాం, అమ్మేదానికి పనికిరామా?"

దలాలి సుబ్బన్న తువ్వాలు కప్పుకున్నాడు. మొదటివాడు చెయ్యి పెట్టాడు. "నాలుగు నూర్ల పది" అని హసన్‌బీ గట్టిగా అంది. రెండోవాడికి, "ముప్పై." మూడోవాడికి, "యాభై!"

సుబ్బన్న విననట్టే, "నాలుగు నూర్లకు కొట్టేసినా" అన్నాడు. అలవాటు అట్లాంటిది.

"యాభై ఇంకా నా వేళ్ల మీద నొస్తాంది సావుకారీ, నీకు నొయ్యలేదా?"

ఇరవై ఏళ్లు గుడ్డ వంకే చూసిన మాబు సాబ్ ఆ తువ్వాలు పట్టి లాగేశాడు. కొనేవాడు దలాలి అయిదు వేళ్లూ ఇంకా పట్టుకునే ఉన్నాడు. చుట్టూ రైతులు మూగారు. సుబ్బన్న గొంతు తగ్గించి, నాలుగు నూర్ల యాభై అని రాయించాడు.

మర్నాడు సుగ్గి లారీ వాళ్ల ఇంటి ముందు ఆగితే, మేము రామని హసన్‌బీ చెయ్యి ఊపింది. రోజూ ఆమె వాకిట్లో కూర్చునే ఉచ్చీరమ్మ లారీ మీద నుంచి వంగి అడిగింది. "వదినా, పోయిన వారం నా పత్తి ఎంత పలికింది?"

"నాలుగు నూర్ల నలభై. ఆ పొద్దే సెప్పినా కదమ్మా."

"సెప్పినావు. ఇని ఊరకే కూసున్నా." ఉచ్చీరమ్మ డ్రైవరు నెత్తిమీది రేకును అరచేత్తో బాదింది. "అన్నా, ముందు బండి ఆదోనికి తిప్పు! నా నలభై అడగాల."

లారీలో ఎవరూ వద్దనలేదు.