ముగింపు సమయం రాయని సెమినార్

మూడుంబావుకి సెమినార్ హాలు తలుపు గోడను వదిలి నడిచి వెళ్ళి, వేదిక మీద నాలుగో కుర్చీలో కూర్చుంటుంది. 'టీవీలో ఉద్యోగం' అన్న చర్చకు విద్యార్థులు పిలిచిన అతిథులు ముగ్గురే. మార్కులు వేయడానికి వచ్చిన లెక్చరర్ వైజయంతి తన కాగితం మీద ముగ్గురు అన్న మాట కొట్టేసి, నలుగురు అని రాసుకుంటుంది.

తలుపు ఉండాల్సిన చోట ఇప్పుడు నున్నటి గోడ ఉంది. ఐదింటికల్లా వైజయంతి ఆసుపత్రిలో ఉండాలి. చెల్లెలు హేమలత గుండె ఆపరేషన్ కాగితాల మీద అక్క సంతకం పడనిదే డాక్టర్లు కత్తి పట్టరు.

తన వంతు రాగానే తలుపు, స్టూడియోలో చప్పుడు కాకుండా మూసుకోవడం ఎలా నేర్చుకుందో వివరిస్తుంది. విద్యార్థులు రాసుకుంటారు. వైజయంతి విషయ పరిజ్ఞానానికి పదికి ఎనిమిది వేస్తుంది.

నాలుగున్నరకి మార్కుల కాగితంలో ఒక్క గడి తప్ప అన్నీ నిండుతాయి. మిగిలింది సమయపాలన. అది కూడా నిండితేనే తలుపు కుర్చీ దిగుతుందని నిర్వాహకురాలు ప్రణవి వినయంగా చెప్పి, కార్యక్రమ పట్టిక చూపిస్తుంది. మొదలయ్యే సమయం ఉంది. ముగిసే సమయం రాయడం పిల్లలు మరిచిపోయారు.

"ఇప్పుడు రాసెయ్యమ్మా."

"రాస్తున్నాం మేడం, నిలబడట్లేదు."

నిజమే. రాసిన అంకెలు రాసినట్టే కాగితం దిగి, బల్ల అంచు మీదుగా వెళ్ళిపోతున్నాయి.

వేదిక మీద నుంచి న్యూస్ ప్రొడ్యూసర్ జోజిబాబు నవ్వుతాడు. "చానెల్లో ముగింపెవరు రాస్తారు మేడంగారూ? తర్వాతి ప్రోగ్రామొచ్చి దీన్ని అవతలకి నెట్టేస్తుంది, అంతే."

తర్వాతి ప్రోగ్రాం ఏమిటని ఆమె అడుగుతుంది. పట్టికలో అదీ లేదు. గడియారంలో ఐదుకి రెండు నిమిషాలే ఉన్నాయి. వైజయంతి వేదిక ఎక్కి మైకు లాక్కుంటుంది.

"తర్వాతి కార్యక్రమం, మా చెల్లి ఆపరేషన్."

అతిథులు కుర్చీలతో సహా గోడలోకి జరిగిపోతారు. తలుపు తన చోటికి వెళ్ళి బార్లా తెరుచుకుంటుంది. కానీ వేదిక మీది బల్లపై ఇప్పుడు హేమలత పడుకుని ఉంది. గొంతు దాకా ఆకుపచ్చ గుడ్డ కప్పి ఉంది. విద్యార్థులు మాస్కులు కట్టుకుంటున్నారు.

"నాక్కూడా మార్కులేస్తావా ఏంటక్కా?" అంటుంది హేమలత.

ప్రణవి అందించిన ఆపరేషన్ కాగితం మీద వైజయంతి సంతకం పెడుతుంది. ప్రణవి కాగితం తిప్పి పట్టుకుంటుంది.

"ముగింపు ఎన్నింటికని రాయమంటారు మేడం? ఈసారి మర్చిపోం."

ఈసారి అంకెలు ఎక్కడికీ పోవడం లేదు. పెన్ను మొన దగ్గర వరస కట్టి నిలబడ్డాయి.

వైజయంతి ఆ కాగితం గుంజుకుని, తలుపు వదిలి వెళ్ళిన కుర్చీలో వేసి, దాని మీద కూర్చుంటుంది. చెల్లెలి చెయ్యి పట్టుకుంటుంది. ఎదురుగా తలుపు తెరిచే ఉంది. లేస్తే అంకెలు కాగితం ఎక్కేస్తాయి, ఇక ఆమె లేవడానికి లేదు.

నెత్తి మీద వేలాడే ఆపరేషన్ దీపంలో పన్నెండు బల్బులున్నాయి. ఒక్కో బల్బులో ఒక్కో ముసలమ్మ మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని, కిందికే చూస్తోంది. వాళ్ళలో ఎవరు రెప్ప వేసినా హాల్లో వెలుగు తగ్గి, హేమలత చెయ్యి కాస్త చల్లబడుతుంది. వైజయంతి తల ఎత్తి, అవ్వా, అవ్వా అని ఒక్కొక్కరినే పిలుస్తూ, రెప్ప వెయ్యొద్దని బతిమాలుకుంటుంది. పదకొండు మంది సరేనంటారు. పన్నెండో ఆవిడ అప్పటికే కునికిపాట్లు పడుతోంది.